సిండ్రెల్లా కథ: ఎవరు చెప్పినా ఒకటేనా?

(పెద్ద తరగతి పిల్లల కోసం. ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన కూర్చుని కలిసి చదివితే మరీ మంచిది.)



సిండ్రెల్లా కథ తెలియని పిల్లలు మా బడిలో లేరు. సవతి తల్లి, ఆమె ఇద్దరు కూతుళ్ళు, గుమ్మడికాయ బండి, అర్ధరాత్రి పన్నెండు గంటలు, గాజు చెప్పు. అడగడమే ఆలస్యం, వరసగా చెప్పేస్తారు. "ఈ కథ ఎవరిది?" అని అడిగితే మాత్రం ఎక్కువమంది "డిస్నీ వాళ్ళది" అంటారు. ఇంట్లో అమ్మమ్మ ఇదే కథను కాస్త మార్చి చెప్పబోతే, "అలా కాదు అమ్మమ్మా, నీకు కథ సరిగ్గా తెలీదు" అని దిద్దేస్తారు. పాపం, అమ్మమ్మ అక్కడితో ఆపేస్తుంది. చాలా ఇళ్ళలో తెలుగులో కథ చెప్పడం ఇలాగే ఆగిపోతోందని పెద్దవాళ్ళు మాతో అంటూ ఉంటారు.

అందుకే ఈ పాఠం. ఈ కథకు సరైన రూపం ఒక్కటే ఉందా? దీన్ని ఎవరెవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారు? మనం మార్చవచ్చా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం.

1. ఎంత మార్చినా మారనిది ఏమిటి?

1893లో మేరియన్ రోల్ఫ్ కాక్స్ అనే ఆవిడ లండన్‌లో ఒక పెద్ద పుస్తకం అచ్చు వేయించారు. రకరకాల దేశాల నుండి సిండ్రెల్లా కథ లాంటివి సేకరిస్తే 345 వచ్చాయి. ఆ తరువాత పరిశోధకులు ఇంకా ఎన్నో కనుక్కున్నారు. అన్నీ ఒకేలా ఉండవు. కొన్నిటిలో నాట్యవిందు కాదు, పండుగ ఉంటుంది. కొన్నిటిలో చెప్పే ఉండదు. మరి అవన్నీ ఒకే కుటుంబానికి చెందిన కథలని ఎలా గుర్తుపడతారు?

మూడు విషయాలు చూడండి.

మొదటిది కష్టం. మంచి పిల్లను ఇంట్లోనే తక్కువ చేసి చూస్తారు, వంటింట్లో బూడిద ఎత్తిస్తారు. ఇంగ్లీషులో సిండర్ అంటే కాలి మిగిలిన బొగ్గు తునక. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ పేర్లలో కూడా ఆ బూడిదే ఉంది.

రెండవది సాయం. ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక శక్తి ఆ పిల్లకు తోడు నిలుస్తుంది.

మూడవది ఆనవాలు. ఒక వస్తువు వల్ల ఆమె ఎవరో అందరికీ తెలుస్తుంది. మన శకుంతల ఉంగరం, హనుమంతుడు లంకకు తీసుకువెళ్ళిన రాముడి ఉంగరం ఇలాంటి ఆనవాళ్ళే కదా!

ఈ మూడూ ఉంటే కథ నిలబడుతుంది. మిగతాదంతా చెప్పేవాళ్ళ ఇష్టం. అందులోనూ ముఖ్యంగా మారేది ఒక్కటి: ఆ పిల్లను బూడిదలోంచి బయటికి తెచ్చింది ఎవరు? కొత్త సినిమా చూసినా, కొత్త పుస్తకం చదివినా ఈ ప్రశ్న వేసుకోండి. చెప్పినవాళ్ళ మనసు, ఆ కాలం మనసు తెలిసిపోతాయి.

2. డిస్నీకి చాలా ముందు

చైనాలో: తొమ్మిదో శతాబ్దంలో దువాన్ చెంగ్‌షీ అనే పండితుడు యె షియెన్ అనే అమ్మాయి కథ రాసిపెట్టాడు. దక్షిణ చైనా నుండి వచ్చి తమ ఇంట్లో పనిచేసిన లీ షియువాన్ చెప్పగా విన్నానని కూడా రాశాడు. అంటే మనకు దొరికిన పాత సిండ్రెల్లా కథల్లో ఒకటి, ఇంట్లో పనిచేసే మనిషి నోటి నుండి వచ్చిందన్నమాట.

ఆ కథలో తల్లి లేని యె షియెన్ ఒక చేపను పెంచుకుంటుంది. సవతి తల్లి దాన్ని చంపి వండుకు తింటుంది. ఆకాశం నుండి దిగిన ఒక మనిషి, ఆ చేప ఎముకలు దాచుకుని కావలసింది అడగమని చెబుతాడు. ఎముకలు ఆమెకు లకుముకి పిట్ట ఈకల పైవస్త్రం, బంగారు చెప్పులు ఇస్తాయి. పండుగకు వెళ్ళి వచ్చే తొందరలో ఒక చెప్పు పోతుంది. అది చేతులు మారి ఒక రాజు దగ్గరకు చేరుతుంది, ఆయన వెతుక్కుంటూ వస్తాడు. ఇక్కడ గాజు లేదు, గుమ్మడికాయ లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, పెళ్ళయ్యాక రాజు ఆశపడి ఆ ఎముకలను అదే పనిగా మణులు, ముత్యాలు అడుగుతాడు. ఏడాది తిరిగేసరికి అవి ఇవ్వడం మానేస్తాయి!

ఇటలీలో: జాంబత్తిస్తా బాజిలే అనే రచయిత నేపుల్స్ ఊరివాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే కథలు రాశాడు. ఆయన పోయాక 1634 నుండి 1636 లోపల అవి అచ్చయ్యాయి. అందులో జెజొల్లా అనే అమ్మాయి మనకు తెలిసిన సిండ్రెల్లాలా అమాయకురాలు కాదు. కుట్టుపని నేర్పే పంతులమ్మ చెప్పిన మాట విని, సవతి తల్లిని తానే చంపేస్తుంది. ఆ తరువాత తండ్రి ఆ పంతులమ్మనే పెళ్ళి చేసుకుంటాడు. ఆమె తన ఆరుగురు కూతుళ్ళను తీసుకువస్తుంది, జెజొల్లా గతి వంటిల్లు అవుతుంది. ఎవరి మాట వినాలో తెలియక చెడిన పిల్ల కథ ఇది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఫ్రాన్స్‌లో: 1697లో షార్ల్ పెరో రాసిన కథే మనందరికీ తెలిసినది. గుమ్మడికాయ బండి, గుర్రాలైన ఆరు ఎలుకలు, బండివాడైన పందికొక్కు, నౌకర్లైన ఆరు బల్లులు, గాజు చెప్పు ఇందులోనివే. సాయం చేసేది ఆ పిల్లకు జ్ఞానతల్లి అయిన దేవకన్య. క్రైస్తవ కుటుంబాల్లో బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించేటప్పుడు తల్లిలా బాధ్యత తీసుకునే స్త్రీని జ్ఞానతల్లి అంటారు. పెరో కథలో సిండ్రెల్లా అందరినీ క్షమిస్తుంది. సవతి తల్లి కూతుళ్ళిద్దరినీ రాజభవనానికి తీసుకువెళ్ళి, ఇద్దరు పెద్ద ప్రభువులకు ఇచ్చి పెళ్ళి చేయిస్తుంది.

జర్మనీలో: గ్రిమ్ సోదరులు 1812లో తమ పుస్తకంలో ఈ కథ చేర్చారు. ఇక్కడ దేవకన్య లేదు. అమ్మ సమాధి మీద ఆ పిల్ల ఒక కొమ్మ నాటుతుంది, కన్నీళ్ళతో పెంచుతుంది. అది చెట్టవుతుంది. బట్టలు, చెప్పులు ఇచ్చేది ఆ చెట్టు మీద వాలే తెల్లని పిట్ట. అంటే చనిపోయిన అమ్మే సాయం చేస్తోంది. సవతి తల్లి బూడిదలో పోసిన పప్పు గింజలను ఏరిపెట్టేవి పావురాలు. చెప్పు పట్టాలని ఒక కూతురు కాలి వేలు, ఇంకో కూతురు మడమ కోసుకుంటారు. తరువాతి ముద్రణలో ఆ ఇద్దరి కళ్ళూ పావురాలు పొడిచేసినట్టు కూడా చేర్చారు. పెరో క్షమించమన్నాడు, గ్రిమ్ సోదరులు శిక్షించారు. కథ అదే, తీర్పు వేరు!

3. కథ తెర మీదికి వచ్చింది

సినిమా పుట్టిన కొద్ది కాలానికే, 1899లో, ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ ఈ కథను సుమారు ఆరు నిమిషాల మూగచిత్రంగా తీశాడు. గుమ్మడికాయ బండిగా మారడం చూసి అప్పటి జనం ఆశ్చర్యపోయి ఉంటారు. మాయలు చూపించడానికి ఇంతకంటే మంచి కథ ఏం దొరుకుతుంది!

డిస్నీ సిండ్రెల్లా 1950లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అప్పుల్లో ఉన్న ఆ సంస్థను ఈ సినిమా విజయమే నిలబెట్టింది. డిస్నీ వాళ్ళు పెరో కథను తీసుకుని, ఎలుకలకు మాటలు నేర్పారు. సాహసాలన్నీ ఆ ఎలుకలే చేస్తాయి. అమ్మాయి పాడుతుంది, ఓర్చుకుంటుంది, ఎదురుచూస్తుంది.

దీని మీద 1977లో రచయిత్రి జేన్ యోలెన్ ఒక వ్యాసం రాశారు. పాత కథల్లో సిండ్రెల్లా తెలివైనది, తన పని తాను చేసుకునేది. అమెరికాలో అచ్చయిన పిల్లల పుస్తకాలు, సినిమా కలిసి ఆమెను ఏమీ చేయలేని పిల్లగా మార్చేశాయి అని ఆమె వాదన. ఇది నిజమా, కాదా? మా తరగతిలో ఈ వాదన మీద రెండు పక్షాలు తప్పకుండా వస్తాయి. సినిమా చివర జాగ్రత్తగా చూడండి. సవతి తల్లి కర్ర అడ్డుపెట్టి గాజు చెప్పు పగలగొట్టిస్తుంది. అప్పుడు సిండ్రెల్లా ఏడవదు. తన దగ్గర దాచుకున్న రెండో చెప్పు తీసి చూపిస్తుంది. చిన్న పనే, కానీ అది ఆమె చేసిన పని. ఏ వాదనైనా ఒప్పుకునే ముందు కథను ఇంకోసారి చూడడం మంచిదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

1957 మార్చి 31న రోడ్జర్స్, హామర్‌స్టీన్‌లు రాసిన సంగీత నాటకంగా ఈ కథ అమెరికా టీవీలో వచ్చింది. జూలీ ఆండ్రూస్ సిండ్రెల్లా. పది కోట్లకు పైగా జనం చూశారని లెక్క. అప్పటి అమెరికా జనాభాలో అది సగం కంటే ఎక్కువ. అదే నాటకాన్ని 1997లో మళ్ళీ తీసినప్పుడు నల్లజాతి గాయని బ్రాండీ సిండ్రెల్లా అయింది, విట్నీ హ్యూస్టన్ జ్ఞానతల్లి అయింది. రాణిగా వూపీ గోల్డ్‌బర్గ్, రాజుగా తెల్లజాతి నటుడు విక్టర్ గార్బర్, వాళ్ళ కొడుకుగా ఫిలిప్పీన్స్‌లో పుట్టిన పావ్లో మొంటల్‌బాన్ వేశారు. ఒకే ఇంట్లో ఇన్ని రంగులేమిటని కథలో ఎవరూ అడగరు, ఎవరూ సంజాయిషీ ఇవ్వరు. అప్పటిదాకా తమ రంగు పిల్లను రాజకుమారిగా తెర మీద చూసుకోని ఎందరో పిల్లలకు అది పెద్ద సంగతి. వేషం వేసేవాళ్ళను మార్చడం ద్వారా కూడా కథ కొత్తది కావచ్చు.

1973లో చెకొస్లొవేకియా, తూర్పు జర్మనీ కలిసి తీసిన 'సిండ్రెల్లాకు మూడు గింజలు' అనే సినిమా గురించి మనవాళ్ళకు ఎక్కువగా తెలియదు. అందులో అమ్మాయి మంచులో గుర్రం మీద దౌడు తీస్తుంది, రాకుమారుడి కంటే బాగా గురిచూసి బాణం వేస్తుంది, వేటగాడి వేషంలో అతన్ని ఓడిస్తుంది. పెళ్ళాడతానని వచ్చిన రాకుమారుడికి పొడుపుకథ వేస్తుంది! జవాబు చెప్పాలంటే అతను ఆమెను మూడు వేషాల్లోనూ గుర్తుపట్టాలి. ఇక్కడ చెప్పు కంటే తెలివే పెద్ద ఆనవాలు. నార్వేలో ఈ సినిమాను క్రిస్మస్ ముందురోజు టీవీలో చూడడం ఆనవాయితీ. ఆడవాళ్ళ మాటలు, మగవాళ్ళ మాటలు అన్నీ ఒకే మగ గొంతు నార్వే భాషలో చెబుతుంది. అయినా అక్కడివాళ్ళు అదే కావాలంటారు. వేరే దేశం కథ అయినా తమ భాషలో విన్నారు కాబట్టి అది వాళ్ళదైపోయింది.

4. చెప్పిన మాట వినే పిల్ల

ఇప్పుడు మా ఉద్దేశంలో ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వద్దాం.

సిండ్రెల్లా అంత పని ఎందుకు చేస్తుంది? పొమ్మంటే పోతుంది, రమ్మంటే వస్తుంది. ఎందుకు ఎదురు చెప్పదు? 1997లో గెయిల్ కార్సన్ లెవీన్ 'ఎల్లా ఎన్‌చాంటెడ్' అనే నవల రాసి దీనికి ఒక జవాబు చెప్పారు. ఆ పుస్తకానికి 1998లో న్యూబెరీ గౌరవం దక్కింది.

ఎల్లా పుట్టిన రోజున లూసిండా అనే దేవకన్య వచ్చి, ఈ పాప ఎప్పుడూ చెప్పిన మాట వింటుంది అని 'వరం' ఇచ్చి పోతుంది. అది వరం కాదు, శాపం. ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చినా ఎల్లా చేసి తీరాలి. సవతి తల్లి కూతురు హాటీ ఈ రహస్యం పసిగట్టి, అమ్మ ఇచ్చిన హారం ఇచ్చెయ్యమంటుంది. ఎల్లా ఇచ్చేస్తుంది. అరీడా అనే స్నేహితురాలితో స్నేహం మానెయ్యమంటుంది. ఎల్లా గుండె చెక్కలైనా మానేస్తుంది.

చివరికి ఆమె ప్రేమించిన రాకుమారుడే "నన్ను పెళ్ళి చేసుకో" అంటాడు. అది కూడా ఆజ్ఞే! సరే అంటే, రేపు ఇంకెవరైనా ఆమెకు ఆజ్ఞ ఇచ్చి రాకుమారుడికి హాని చేయించవచ్చు. అతన్ని కాపాడడానికి ఎల్లా తన శక్తినంతా కూడగట్టుకుని "కాదు" అంటుంది. ఆ ఒక్క మాటతో శాపం తెగిపోతుంది. ఆ తరువాత, ఎవరూ ఆజ్ఞాపించకుండా, తన ఇష్టంతో పెళ్ళికి ఒప్పుకుంటుంది. ఆమెను బయటికి తెచ్చింది దేవకన్య కాదు, రాకుమారుడు కాదు. తానే. 2004లో ఆన్ హాత్‌వేతో తీసిన సినిమాలో ఈ ఘట్టం మార్చి, ఎల్లా అద్దంలో తనకు తానే ఆజ్ఞ ఇచ్చుకున్నట్టు చూపించారు. పుస్తకం చదివి, సినిమా చూసి, రెండిటిలో ఏది మీకు బాగుందో చెప్పండి.

మన తెలుగు బడి పిల్లలకు ఇంకో మంచి సంగతి. నవలలో ఎల్లాకు భాషలంటే ప్రాణం. అరీడా దగ్గర ఆమె దేశపు భాష నేర్చుకుంటుంది. మనుషులను తినే రాక్షసుల భాష కూడా నేర్చుకుని, వాళ్ళ చేతికి చిక్కినప్పుడు ఆ భాషలోనే మాట్లాడి ప్రాణం కాపాడుకుంటుంది!

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. మన ఇళ్ళలో పిల్లలకు ఇచ్చే పెద్ద మెచ్చుకోలు ఏమిటి? "మా అమ్మాయి చెప్పిన మాట వింటుందండీ" అనడమే కదా. అందులో తప్పు లేదు. పెద్దల మాట వినడం మన సంస్కారం. బడిలో మేము కూడా అదే కోరుకుంటాం. కానీ మంచితనం వేరు, మాట వినడం వేరు. పంతులమ్మ మాట విన్న జెజొల్లా ఏం చేసిందో చూశాం. బడిలో స్నేహితులు చెడ్డ పనికి రమ్మన్నప్పుడు, తెలియనివాళ్ళు ఏదో చెయ్యమన్నప్పుడు "కాదు" అనడం రాకపోతే పిల్లలకే ప్రమాదం. ఆ మాట ముందు ఇంట్లో, మర్యాదగా, కారణం చెప్పి అనగలిగితేనే బయట అనగలుగుతారు. "ఎందుకు?" అని అడిగిన పిల్ల ఎదురు చెప్పినట్టు కాదు. పిల్లలూ, మీకు కూడా: "కాదు" అనే హక్కు ఎల్లాకు ఊరికే రాలేదు. ఆమె ఆ మాట తన సుఖం కోసం అనలేదు, ఇంకొకరి ప్రాణం కోసం అంది. హోంవర్కు చెయ్యమన్నప్పుడు ఎల్లాను గుర్తు చెయ్యకండి!

1998లో వచ్చిన 'ఎవర్ ఆఫ్టర్' సినిమా కూడా ఈ దారిలోదే. మాయలు లేకుండా, పదహారో శతాబ్దపు ఫ్రాన్స్‌లో నిజంగా జరిగినట్టు తీశారు. డ్రూ బారీమోర్ వేసిన డానియెల్ పుస్తకాలు చదివే పిల్ల. దేవకన్య బదులు చిత్రకారుడు లియొనార్డో డావించి సాయం చేస్తాడు. దారిలో దొంగలు పట్టుకుని, నువ్వు మోయగలిగింది ఏదైనా తీసుకుపో అంటే, ఆమె రాకుమారుణ్ణి భుజాన వేసుకుని నడక మొదలుపెడుతుంది! చివర్లో రాకుమారుడు ఆమెను విడిపించడానికి వచ్చేసరికి, ఆమె అప్పటికే విడిపించుకుని బయటికి వస్తూ ఉంటుంది.

5. చెప్పు పోయి ఫోను వచ్చింది

ఆనవాలు కూడా కాలంతో పాటు మారుతుంది. 2004లో హిలరీ డఫ్ నటించిన 'ఎ సిండ్రెల్లా స్టోరీ' కాలిఫోర్నియాలో, హైస్కూలు పిల్లల మధ్య జరుగుతుంది. అమ్మాయి పారేసుకునేది చెప్పు కాదు, సెల్ ఫోను. 2012లో మరిసా మేయర్ రాసిన 'సిండర్' నవల భవిష్యత్తులో, న్యూ బీజింగ్ అనే నగరంలో జరుగుతుంది. సిండర్ సగం మనిషి, సగం యంత్రం. యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. ఆమెకు ఊడిపోయేది చెప్పు కాదు, ఇనుప పాదమే! యె షియెన్ పుట్టిన దేశానికే కథ మళ్ళీ తిరిగి వెళ్ళింది, చూశారా.

2021లో కమీలా కబెయో నటించిన సినిమాలో ఎల్లా బట్టలు కుట్టి సొంత దుకాణం పెట్టుకోవాలనుకుంటుంది. రాణి కావడం కంటే తన పనే ముఖ్యమంటుంది. పెరో కాలంలో ఆడపిల్ల కష్టం తీరాలంటే పెళ్ళి తప్ప వేరే దారి కనబడలేదు. ఇప్పుడు కనబడుతోంది. కథ మారడానికి కారణం అదే.

6. సవతి తల్లి అంటే చెడ్డదేనా?

ఇది సున్నితమైన విషయం. ఈ రోజుల్లో సవతి తల్లితోనో, సవతి తండ్రితోనో ప్రేమగా పెరుగుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళు ఈ కథ విన్నప్పుడు ఏమనుకుంటారు?

ఒక సంగతి తెలుసుకోవాలి. గ్రిమ్ సోదరుల 1812 నాటి పుస్తకంలో స్నోవైట్‌ను చంపించాలని చూసింది కన్నతల్లే. తల్లి అలా చేసిందంటే బాగుండదని, తరువాతి ముద్రణలో ఆమెను సవతి తల్లిగా మార్చారు. అంటే కథల్లోని సవతి తల్లుల్లో కొందరు కలం మార్పు వల్ల పుట్టినవాళ్ళే. 2015లో డిస్నీ వాళ్ళు కెనెత్ బ్రానా దర్శకత్వంలో మనుషులతో తీసిన సిండ్రెల్లాలో సవతి తల్లికి కూడా ఒక బాధ ఉందని చూపించారు. ప్రేమించిన మొదటి భర్త పోయి, పిల్లలతో మిగిలిన మనిషి ఆమె. చేసిన తప్పు ఒప్పు కాదు, కానీ మనిషి అర్థమవుతుంది. కథ చెప్పేటప్పుడు "సవతి తల్లి కాబట్టి చెడ్డది" అనకండి. "ఈ కథలో ఈమె ఇలా చేసింది" అనండి. చిన్న తేడానే, వినే పిల్లకు మాత్రం పెద్ద తేడా.

7. మన వైపు ఈ కథ ఉందా?

మన పొరుగు భాష కన్నడంలో ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎ.కె. రామానుజన్ 'హంచి' అనే కన్నడ కథను సిండ్రెల్లా కథల వరసలో చేర్చి విశ్లేషించారు. 1982లో అలన్ డండెస్ సంకలనం చేసిన పుస్తకంలో అది ఉంది. బంగారు జుట్టు ఉన్న కూతురిని ఒక ఆపద నుండి తప్పించడానికి తల్లి ఆమెకు మట్టి ముసుగు వేసి పంపేస్తుంది. ఆ పిల్ల ఒక షావుకారు ఇంట్లో వంటమనిషిగా చేరుతుంది. ఇక్కడ చెప్పు లేదు. ముసుగు తొలగినప్పుడు అసలు మనిషి తెలుస్తుంది. ఇంకో తేడా: పెళ్ళితో కథ అయిపోదు, పెళ్ళి తరువాత మళ్ళీ కష్టాలు వస్తాయి. మన వైపు కథల్లో అత్తవారింటి కథ లేకుండా ఎలా?

ఇక మన తెలుగువాళ్ళకు 'గుండమ్మ కథ' ఉండనే ఉంది. 1962లో, చందమామ పత్రికను స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే ఈ సినిమా కూడా తీశారు. కమలాకర కామేశ్వరరావు గారు దర్శకులు. దీన్ని సిండ్రెల్లా కథ ఆధారంగా తీశారని మేము అనడం లేదు. దానికి ఆధారం ఒక కన్నడ సినిమా. కానీ మనం చెప్పుకున్న మూడు విషయాలు వెతికి చూడండి. సావిత్రి గారు వేసిన లక్ష్మి సవతి కూతురు. సూర్యకాంతం గారి గుండమ్మ ఆమెచేత ఇంటి చాకిరీ అంతా చేయిస్తుంది, సొంత కూతురు సరోజను గారాబం చేస్తుంది. కష్టం ఉంది. ధనవంతుడి కొడుకైన ఎన్టీఆర్ అంజి అనే పనివాడి వేషంలో వచ్చి లక్ష్మికి తోడు నిలుస్తాడు. సాయం ఉంది. ఇక ఆనవాలు? ఇక్కడ తిరగబడింది! మారువేషం వేసింది అమ్మాయి కాదు, అబ్బాయి. రాజభవనానికి అమ్మాయి వెళ్ళలేదు. రాకుమారుడే వంటింటికి వచ్చి పప్పు రుబ్బాడు. చివరికి గుండమ్మ కూడా మనసు మార్చుకుని అందరితో కలిసిపోతుంది. గ్రిమ్ సోదరుల పావురాలు ఇక్కడికి రాలేదు.

తాతయ్య, అమ్మమ్మలతో కూర్చుని ఈ సినిమా చూడండి. ఎక్కడ సిండ్రెల్లాతో కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో మీరే వాళ్ళకు చెప్పండి.

8. మరి మనం మార్చవచ్చా?

మార్చవచ్చు. ఇన్ని వందల ఏళ్ళుగా అందరూ చేసింది అదే. కానీ ఏం మారుస్తున్నామో, ఎందుకు మారుస్తున్నామో తెలిసి మార్చాలి. పాత కథ తెలియకుండా కొత్త కథ చెప్పలేం. ఎల్లా "కాదు" అనడం అంత గొప్పగా ఉండడానికి కారణం, ఆమెకు ముందు ఎందరో సిండ్రెల్లాలు "సరే" అనడమే.

అమెరికాలో ఐ-లింగ్ లూయీ అనే రచయిత్రి 1982లో 'యె షెన్' పేరుతో ఒక బొమ్మల పుస్తకం తెచ్చారు. బొమ్మలు ఎడ్ యంగ్ వేశారు. యె షియెన్ కథ ఆమె కుటుంబంలో మూడు తరాలుగా చెప్పుకుంటూ వచ్చినదే. పుస్తకంలో పాత చైనా భాష పుట కూడా అచ్చు వేశారు. ఆ కుటుంబంలో కథ చెప్పడం ఆగలేదు కాబట్టి అది ఈ రోజు అమెరికా గ్రంథాలయాల్లో ఉంది. పిల్లలూ, అమ్మమ్మ వేరేగా చెప్పినప్పుడు "అలా కాదు" అనకండి. "అలా ఎందుకు?" అని అడగండి. ఆమె కథ ఆగదు. తాతయ్యలూ, అమ్మమ్మలూ, మీరూ ఆపకండి.

ఆలోచించి చెప్పండి

1. ఈ పాఠంలో చెప్పిన సిండ్రెల్లాలలో తన కష్టం నుండి తానే బయటపడింది ఎవరెవరు? సాయం తీసుకున్నవాళ్ళు తక్కువవాళ్ళా?
2. క్షమించిన పెరో కథ, శిక్షించిన గ్రిమ్ కథ: ఏది న్యాయం? ఎందుకు?
3. మీకు ఇష్టం లేకపోయినా మాట వినవలసిన సందర్భం ఒకటి, వినకూడని సందర్భం ఒకటి చెప్పండి.
4. మీ బడిలో జరిగే సిండ్రెల్లా కథలో ఆనవాలు ఏమిటి?

కొత్త మాటలు

ఆనవాలు: మనిషిని లేదా వస్తువును గుర్తుపట్టడానికి ఉపయోగపడే గుర్తు.
లకుముకి పిట్ట: నీటి దగ్గర ఉండి చేపలు పట్టే, నీలి రంగు మెరిసే పిట్ట.
పసిగట్టు: ఎవరూ చెప్పకుండానే తెలుసుకోవడం.
సంజాయిషీ: ఇలా ఎందుకు జరిగిందో చెప్పుకునే కారణం.
చాకిరీ: విశ్రాంతి లేకుండా చేసే పని.
ఆనవాయితీ: ఏళ్ళ తరబడి వస్తున్న అలవాటు.

ఇంటిపని

సిండ్రెల్లా కథను ఇంట్లో ఒక పెద్దవారి చేత తెలుగులో చెప్పించుకోండి. వాళ్ళు మార్చిన ఒక విషయం రాసుకోండి. తరువాత మీరు ఒక్క విషయం మాత్రమే మార్చి, అదే కథను పది వాక్యాలలో తెలుగులో రాసి తీసుకురండి. మార్చినది ఏమిటో, ఎందుకు మార్చారో కింద ఒక వాక్యం రాయడం మరిచిపోకండి. అక్షరదోషాలకు మార్కులు తగ్గించం. ఆ "ఎందుకు"కే మార్కులు.